తీసుకోని బండికి మూడు వందనాలు

మొన్న సంఘం పిల్లోళ్ళు నలుగురు మా ఇంటికొచ్చినారు. చేతిలో ఫైలు, మొగంలో నిండా మర్యాద. మర్యాద జాస్తిగా ఉండాదంటే వెనక ఏదో పని ఉండాదని అర్థం. కాఫీ తాగినాక బయటపడింది. "సార్, మన సంఘానికి మొదట్నించీ అండగా నిలబడిన దాతలకు కృతజ్ఞతలు చెప్తా మీరు నాలుగు పేజీలు రాయాల. సావనీరులో వేస్తాము. వందన సమర్పణలో మీ మాదిరి మనిషి ఈ జిల్లాలోనే లేడంట గదా" అన్నారు.

నిజమే నాయనా. చిత్తూరులో మన వికలాంగుల సంఘానికి నేను ఇరవై ఏండ్లకు పైగా గుమాస్తాను, టైపిస్టును, బ్యానరు కట్టేవాడిని, సభ అయినాక కుర్చీలు ఎంచేవాడిని. ఈ పనులన్నీ నాకంటే బాగా చేసేవాళ్ళు వీధికి పది మంది ఉంటారు. వందనాలు చెప్పేదాంట్లో మాత్రం నాకు సాటి ఎవురూ లేరు. ఎడమ కాలు చిన్నప్పుడే పోలియో తీసుకోని పాయ. ఆ పక్క కర్ర ఆనించి, మైకు పట్టుకోని "ఈ సభకు విచ్చేసి" అని అందుకుంటే, ముఖ్య అతిథి కాడ్నించి సోడాలు మోసినోడి దాకా ఒక్కడు తప్పించుకోలేడు. జనం లేచి పోతా ఉంటే గూడా వాళ్ళ వీపులకు వందనాలు చెప్పేవాడిని.

ఆ పని నేను మానుకోని చానా ఏండ్లయింది. ఎందుకు మానుకున్నానో మీకెవురూ చెప్పినట్ల లేదు. చెప్పింటే మీరు నా దగ్గిరికి వచ్చేవాళ్ళు కాదు. సరే, వచ్చినారు గాబట్టి అదే రాస్తాను. వేసుకుంటే వేసుకోండి, లేకుంటే ఆ కాగితాల్లో బోండాలు కట్టుకోండి.

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆఫీసు బెల్లం మండీల వెనక ఒక రూము. ఒక బీరువా, ఒక టైపు మిషను, నాలుగు వైపులా ఈగలు. మా అధ్యక్షుల వారు రిటైరైన హెడ్మాస్టరు. మంచి మనిషి. ఎవురి మనసూ నొప్పించకూడదని ఆయన వ్రతం. ముఖ్యంగా దాతల మనసు. మా మనసులైతే నొప్పికి ముందే అలవాటు పడినవి గదా, దాని గురించి ఆయన దిగులు పడేవాడు కాదు.

ఆ ఏడు ఒక బెల్లం మండీ ఆసామి మాకు చేత్తో తిప్పే మూడు చక్రాల బండ్లు పది ఇచ్చినాడు. అడక్కుండానే ఇచ్చినాడు, అది గూడా రాయాల. ఆయనకు కృతజ్ఞతా సభ పెట్టినాము. వికలాంగుల సభ గదా, అందుకని స్టేజి నాలుగడుగుల ఎత్తు, మెట్లు అయిదు. పైన దాతలు, కింద మేము. కార్యక్రమం ప్రకారం బండి తీసుకున్నోళ్ళ తరపున ఒకరు రెండు ముక్కలు మాట్లాడాల. ఆ లిస్టులో మొదటి పేరు ఒక ముసలి బేల్దారిది. గోడ కట్టేటప్పుడు సారవ కొయ్యల మీద్నించి పడి రెండు కాళ్ళూ చచ్చుబడిన మనిషి. ఆయన్ను పైకి ఎత్తి మైకు ముందర పెట్టినాము. ఆయన మైకు వైపు అనుమానంగా చూసి, "బండి బాగుండాది. సీటు రొంత గట్టిగా ఉండాది" అన్నాడు. అంతే. ఇంగ చాలు దింపమన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే నా సర్వీసులో నేను విన్న అసలైన కృతజ్ఞత అదొక్కటే. ఆ పొద్దు మాత్రం నాకు చెమటలు పట్టినాయి. ఆసామి మొగం చిన్నబోయింది. అధ్యక్షుల వారు నా వైపు చూసినారు. నేను కింద ముందు వరసలో కూసోనుండే పాప వైపు చూసినాను.

ఆ పాపది కాణిపాకం పక్కన ఒక పల్లె. ఇరవై రెండేండ్లుంటాయి. రెండు కాళ్ళూ సన్నగా మడతపడి ఉంటాయి, చేతుల మీద నడుస్తాది. వాళ్ళ నాయన గుడి దగ్గిర టెంకాయలు అమ్ముతాడు. పదో తరగతి అయినాక వారానికి మూడు రోజులు ఆ పాపను వీపున ఎత్తుకోని బస్సెక్కి మా ఆఫీసుకు తెచ్చేవాడు, నా దగ్గిర టైపు నేర్చుకునే దానికి. నోరు బలే మంచిది ఆ పాపకు. నేను సైగ చేస్తే వాళ్ళ నాయన ఎత్తి స్టేజి మీద కూసోబెట్టినాడు.

"కాళ్ళు లేనోళ్ళకు నేల చానా దగ్గిర సామీ" అనింది ఆ పాప. "మనుషుల మొగాలే దూరం. ఈ బండెక్కితే మీ మొగాలు రొంత దగ్గిరికొస్తాయి. అందుకే మీకు దండం పెడతా ఉండాము."

ఇంగ చూడండి. ఆసామి తుండుగుడ్డతో కండ్లు తుడుచుకున్నాడు. ఆయన్ను చూసి మిగిలినోళ్ళు గూడా తుడుచుకున్నారు. ఫోటో తీసేవాడు "ఆమెను బండిలో కూసోబెట్టండి సార్" అని అరిచినాడు. బేల్దారి తాతను బండిలోంచి దింపి ఆ పాపను ఎక్కించినాము, ఫోటో తీసినాము, ఆ పాపను దింపి తాతను ఎక్కించినాము. తెల్లారి పేపర్లో పడింది, 'బండి అందుకుంటున్న వికలాంగ యువతి' అని. ఆ కింది అక్షరాలు రాసిచ్చింది నేనే. ఆ పేపరు ముక్కను మా వార్షిక నివేదికకు అంటించి ప్రభుత్వ సంక్షేమ ఆఫీసుకు పంపించిందీ నేనే.

రెండో ఏడు ఒక బస్సుల ఓనరు ఎనిమిది బండ్లిచ్చినాడు. మూడో ఏడు తిరపతిలో ఒక లాడ్జి ఓనరు ఆరు ఇచ్చినాడు. రెండు సభల్లోనూ ఆ పాపే మాట్లాడింది, ఆ పాపనే ఫోటో తీసినాము, ఎవురి బండిలోనో కూసోబెట్టి, దింపి. ఒకసారి అడిగినాను, "నీకు గూడా ఒకటి రాయమంటావా పాపా?" అని.

"నాకేంటికిలేన్నా. మా ఊరి ఏటి ఇసకలో యాడ దొర్లుతాది అది? నాయన వీపే నాకు బండి. కావాల్సినోళ్ళకియ్యి" అనింది.

చూసినారా, ఎంత సులభమో! బండి ఇయ్యకుండానే వందనం దొరికే దారి నేను కనిపెట్టినాను. అధ్యక్షుల వారు నా భుజం తట్టి "ముందుచూపు గలవాడివబ్బా" అన్నారు. నేను పొంగిపోయినాను. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఎద్దే ఇంకొక ఎద్దు పుండును పొడుస్తా ఉంటే దానికేమనాలో నాకు తెలియదు.

నాలుగో ఏడు ఆ పాపకు ఉద్యోగం వచ్చింది. టైపు పరీక్ష లోయరు గ్రేడు పాసయి, ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు నుంచి పిలుపొచ్చి, చిత్తూరులోనే ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. పదిహేను రోజుల్లో చేరాల. చేరకుంటే ఆర్డరు రద్దు. ఆ కాగితం తెచ్చి నా టేబిలు మీద పెట్టినప్పుడు ఆ పాప మొగం చూడాల మీరు! నేను నలుగురికి మిఠాయి పంచినాను.

అదే వారంలో వాళ్ళ నాయన టెంకాయల మూట ఎత్తబోయి నడుం పట్టేసింది. లేచి నిలబడే దానికి గూడా లేదు. చిత్తూరులో పిన్నమ్మ ఇల్లుండాది, అక్కడ ఉండొచ్చు. ఆడ్నించి ఆఫీసుకు మైలు దూరం, మంచి తారు రోడ్డు. బండి ఒకటుంటే తనే పోయొస్తాది. లేకుంటే ఆ మైలు దూరం, ఎండలో మాడే తారు మీద, రెండు చేతులతో.

మా దగ్గిర బండ్లు లేవు. ఆ ఏడు దాతలు దుప్పట్లిచ్చినారు. మే నెలలో. సర్కారు సంక్షేమ ఆఫీసు గోడౌనులో మాత్రం బండ్లు ఉండాయి, అర్హత ఉంటే ఇస్తారు. ఆ పాప దరఖాస్తు నేనే టైపు చేసి, రిక్షాలో ఆ పాపను తీసుకోని ఆఫీసరు దగ్గిరికి పోయినాను. సంక్షేమ ఆఫీసు మిద్దె మీద ఉండాది. నేను ముందర కర్రతో, ఆ పాప వెనక చేతులతో, ఒక్కొక్క మెట్టే. మా ఇద్దరి సంక్షేమం చూసేవాళ్ళు అంతెత్తున ఉండడం న్యాయమే గదా.

ఆఫీసరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు. దరఖాస్తు చదివినాడు. బీరువా లోంచి మా సంఘం నివేదికలు మూడూ తీసినాడు. మూడు ఫోటోలూ వరసగా టేబిలు మీద పరిచినాడు.

"ఈ అమ్మాయి మీరే కదమ్మా?"

"నేనే సార్."

"మూడేళ్ళలో మూడు బళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు నాలుగోదా? ఆ మూడూ ఏం చేశారమ్మా, అమ్ముకున్నారా?"

ఆ పాప నేల మీద కూసోనుండాది. ఆయన అడిగేది ముందు అర్థం కాలేదు. అర్థమైనాక తల తిప్పి నా వైపు చూసింది. నేను చెప్పాల. ఒక్క మాట చాలు, 'అవన్నీ ఉత్త ఫోటోలు సార్' అని. ఆ మాట చెప్తే మా నివేదికలు అబద్ధమని తేలతాది, దాతలు నొచ్చుకుంటారు, సర్కారు గుర్తింపు పోతాది, అధ్యక్షుల వారు నన్ను బతకనియ్యరు. ఇన్ని లెక్కలు నా బుర్రలో తిరిగేలోపల ఆయన దరఖాస్తు మీద ఎర్ర సిరాతో గీత గీసినాడు.

"నిజంగా లేనివాళ్ళు చాలామంది ఉన్నారమ్మా" అన్నాడు, చానా నెమ్మదిగా.

ఆ పాప చేతుల మీదే మెట్లు దిగింది. కింద రిక్షా ఎక్కినాక, "అమ్ముకున్నానంటా ఉండాడు గదన్నా" అనింది. అంతే.

సిగ్గని ఒకటుంటాది చూడండి, అది కాల్లో ముల్లు మాదిరి కాదు, తీసి పారేసే దానికి. నేను అధ్యక్షుల వారి దగ్గిరికి పోయి, నిజం రాసి ఆఫీసరుకు పంపిస్తామన్నాను. ఆయన కండ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎల్లుండి సభ పెట్టుకోని ఇప్పుడా? ఆ ఆఫీసరు గారే ముఖ్య అతిథి. ముగ్గురు దాతలూ వస్తా ఉండారు. సభ కానీయప్పా, నిదానంగా చూస్తాము. ఆ పాపను మాత్రం తప్పకుండా పిలుచుకోనిరా, మాట్లాడాల గదా" అన్నారు.

నిదానంగా! ఆర్డరులో ఇంగ తొమ్మిది రోజులుండాయి.

సభ రోజు మునిసిపల్ స్కూలు ఆవరణలో షామియానా. స్టేజి ఎప్పటి మాదిరే నాలుగడుగులు. ఆ పాప వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకు తెలియదు, రాదనుకున్నాను. ముందు వరసలో చాప మీద కూసునింది. మాట్లాడమంటే "ఈ తడవ నాకు గొంతు బాగలేదు" అనింది. శాలువాలు కప్పినాము, దండలు వేసినాము. ఆఫీసరు మా సంఘం నిజాయితీని మెచ్చుకుంటా పావుగంట మాట్లాడినాడు. ఆ తర్వాత నా వంతు వచ్చింది, వందన సమర్పణ. జోబులో రాసుకున్న కాగితం ఉండాది. తీయలేదు.

"మొదటగా బెల్లం మండీ ఆసామి గారికి వందనాలు" అన్నాను. "వారిచ్చిన పది బండ్లూ పది మందికీ చేరినాయి. పేపర్లో ఫోటో పడిన పాపకు మాత్రం చేరలేదు. ఆ పాపను బేల్దారి తాత బండిలో కూసోబెట్టి, ఫోటో తీసి, దింపేసినాము.

"రెండోది, బస్సుల ఓనరు గారికి. వారి బండ్లూ చేరినాయి. ఆ పాపను అప్పుడు గూడా ఎక్కించి దింపినాము. వారి బస్సులు మమ్మల్ని చూస్తే స్టాపు దాటి వంద గజాల కాడ ఆగుతాయి, మాకు వ్యాయామం మంచిదని. ఆ దయకు వేరే వందనాలు.

"మూడోది, లాడ్జి ఓనరు గారికి. సంఘం పేరు చెప్తే వారు రూము ఊరకే ఇస్తారు. ఆ రూము మూడో మిద్దెలో ఉండాది. స్వామికి దగ్గిరగా ఉండాలని వారి కోరిక. ఆ ఏడు గూడా ఆ పాపను ఎక్కించినాము, దింపినాము.

"ఇంగ ముఖ్య అతిథి గారికి. చేతుల మీద మెట్లెక్కి వచ్చిన మనిషి ఎదురుగా ఉన్నా, ఫోటోలో బండుండాది గాబట్టి ఆమెకు బండి ఉండాదని కనిపెట్టిన వారి చూపుకు శతకోటి వందనాలు."

అధ్యక్షుల వారు నా చొక్కా వెనకనించి గుంజుతా ఉండారు. బస్సుల ఓనరు శాలువా తీసి కుర్చీ మీద పారేసి లేచినాడు. లాడ్జి ఓనరు వాచీ చూసుకున్నాడు. బెల్లం మండీ ఆసామి మాత్రం కదలకుండా నన్నే చూస్తా ఉండాడు. నిదానంగా లేచి మైకు దగ్గిరికి వచ్చినాడు.

"నాకు చదువు లేదబ్బా" అన్నాడు. "నేను బండ్లిచ్చినాను. ఎవురికిచ్చినారో నాకు తెలియదు. ఆ పాపను తెచ్చి నన్ను ఏడిపించమని నేనడిగినానా? ఆ పాపనే ఫోటో తీయమని నేను చెప్పినానా? చెప్పు, వెయ్యి మంది ముందర చెప్పు. ఈ తెలివి ఎవురిది?"

అప్పటిదాకా అందరికీ వడ్డిస్తా వచ్చిన గరిటె నా నెత్తిన పడింది. అందరికీ వందనం చెప్పినాను, ఒక్కడి పేరు మాత్రం ఒదిలేసినాను. "నాదే సామీ" అన్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారే, ఆ పూజారి ఎట్లుంటాడో ఆ పొద్దు చిత్తూరు జనమంతా చూసినారు.

ఆసామి తల ఊపినాడు. "సరే, అయ్యిందేదో అయ్యింది. రేపే ఆ పాపకు ఒక బండి పంపిస్తాను" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. అధ్యక్షుల వారికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మైకు లాక్కోని, "ఆ పాపను స్టేజి మీదికి ఎక్కించండి! ఫోటో అబ్బాయ్ యాడ?" అన్నారు. నిజంగా అన్నారు, నా మీద ఒట్టు.

"నేను ఎక్కను" అనింది ఆ పాప, చాప మీద్నించే. గొంతు బాగానే ఉండాది. "మీరు మంచోళ్ళు సామీ, మీకు దండం. మీ బండి నాకొద్దు. అది తీసుకుంటే నాలుగోది తీసుకున్నానని రాస్తారు. ఆ మూడూ నేను తీసుకోలేదు, అమ్ముకోలేదు. అది ముందు కాగితం మీద రాయాల. నా దరఖాస్తు మీద గీసిన గీత కొట్టెయ్యాల. సర్కారు బండికి నాకు అర్హత ఉంటే ఇయ్యండి. లేదంటే లేదని రాసియ్యండి. నేను చేతుల మీద్నే పోయి డ్యూటీలో చేరతాను."

ఈ పాపకు పిచ్చి పట్టిందనుకున్నాను నేను. ఇచ్చే బండి కాదనుకుంటాదా? అన్నేండ్లు హక్కులు హక్కులని బ్యానర్లు రాసిన చెయ్యి నాది. హక్కంటే ఏందో ఆ పొద్దుకు గూడా నాకు తెలియదు.

ఆఫీసరు మొగం ఎర్రగా అయింది. అయినా లేచిపోలేదు. "మీ సంఘం రాతపూర్వకంగా ఇస్తే పరిశీలిస్తాను" అన్నాడు నా వైపు చూసి. తెల్లారే టైపు కొట్టినాను. మూడు ఫోటోలూ ఉత్తుత్తివి, ఆ రాతలు రాసింది నేను, బండ్లు తీసుకున్న ఇరవై నాలుగు మంది వేలిముద్రల పుస్తకం ఇదో, అని. సంతకం నేనే పెట్టినాను, అధ్యక్షుల వారు పెట్టలేదు. ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేసినారు. నన్ను తీసేసే ఆ కాగితం టైపు కొట్టే దానికి ఇంకొకరు లేక నన్నే కొట్టమన్నారు. రెండు కాపీలు కొట్టిచ్చినాను. నెలకు మళ్ళా పిలిచినారు, బీరువా తాళంచెవి పెట్టిన చోటు వేరే ఎవురికీ తెలియదు గాబట్టి.

ఆర్డరులో గడువు ఇంగ రెండు రోజులుందనంగా బండి మంజూరయింది. దుమ్ము పట్టి, చైను తుప్పు పట్టి గోడౌను మూలన పడుండాది. సభ లేదు, దండ లేదు, ఫోటో లేదు. గోడౌను ప్యూను పుస్తకం ముందర పెడితే ఆ పాప సంతకం చేసింది. నేను ఆముదం తెచ్చి చైనుకు పట్టించి, చక్రాలకు గాలి కొట్టించి, ఆ పాప ఎక్కేదానికి బండి గట్టిగా పట్టుకున్నాను. ఎక్కింది. లంగా సరిచేసుకునింది. ఆవరణలో రెండు చుట్లు తిప్పి చూసుకోని నా ముందర ఆపింది.

నేను నిలబడుకోనుండాను. దాచేదేముంది, ఒక మాట కోసమే నిలబడుకోనుండాను. సభ చెడగొట్టుకున్నాను, ఉద్యోగం పోగొట్టుకున్నాను, ఆ మాత్రం రాదా అనుకున్నాను.

"ఏమన్నా అట్ల చూస్తా ఉండావు? నీకు వందనం చెప్పాల్నా?" అనింది.

"ఛ ఛ, ఎందుకు పాపా" అన్నాను, నవ్వుతా.

ఆ పాప నవ్వలేదు. కోపంగా గూడా లేదు. "వెయ్యి మంది ముందర బలే మాట్లాడితివన్నా. అందరూ నిన్ను మెచ్చుకుంటా ఉండారు. ఆ పొద్దు ఆఫీసరు రూములో మనం ముగ్గురమే ఉంటిమి. అమ్ముకున్నావా అని ఆయన అడిగినప్పుడు నేను నీ వైపు చూస్తిని. అప్పుడు ఒక్క మాట చెప్పుంటే, ఇంత సభ అవసరమే లేదు గదన్నా."

చైనును ఒకసారి వంగి చూసుకోని, హ్యాండిలు తిప్పుకుంటా గేటు దాటి రోడ్డెక్కింది. తోసే దానికి నేను రెండడుగులు వేసినాను గాని, అప్పటికే చానా దూరం పోయింది.